పాట కింద గొంతు

జూలై 9, 2003

కంప్యూటర్ లేచింది. నేను బిగించిన కంప్యూటర్. బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, ఫ్యాను... గుజరాతీ గల్లీలో కొట్టు కొట్టూ తిరిగి ఒక్కొక్కటీ ఏరి తెచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని స్క్రూలు తిప్పి, స్విచ్ వేస్తే 'కీచ్' అని ఒక్క అరుపు అరిచి లేచింది. కొట్టువాడు అడిగాడు: "ఎవరు బిగిస్తరు మేడమ్, మీ అన్ననా?" నాకు అన్న లేడు. స్క్రూడ్రైవర్ ఉంది.

ప్రభాకర్ సార్ వచ్చి చూశాడు. స్టూడియో ఆయనది కాబట్టి దేన్నయినా చేతులు వెనక్కి కట్టుకునే చూస్తాడు. "మంచిగనే మెరుస్తుంది. గని పాట రావాలె గదా దాంట్లకెల్లి."

వస్తుంది.

జూలై 10

పని ఏమిటో రాసుకుంటే నాకే స్పష్టంగా ఉంటుంది. ఇన్నేళ్లుగా ఈ గదిలో రికార్డయిన క్రిస్మస్ పాటలన్నీ స్పూళ్ల మీద, పెద్ద చక్రాలకు చుట్టిన టేపు మీద ఉన్నాయి. వాటిని పాడించగలిగింది ఒక్కటే — మూలనున్న నాలుగు ట్రాకుల స్పూల్ మిషన్. సూట్‌కేసంత ఉంటుంది, ఇనప్పెట్టెంత బరువు. క్యాసెట్లు ఇప్పుడెవరూ అడగడం లేదు. ఈ క్రిస్మస్‌కు బ్రదర్ జయపాల్ పాడిన పాత పాటలన్నీ ఒక సీడీగా రావాలి. అంటే ఆ ముసలి మిషన్ ఈ పసి కంప్యూటర్‌తో మాట్లాడాలి. మధ్యలో నేను.

సార్ మాట: "నీతోని కాకపోతే ఇప్పుడే చెప్పు వినోదా. స్పూళ్లన్నీ బషీర్‌బాగ్ స్టూడియోల ఇచ్చేస్త."

క్యాసెట్లు కాపీ కొట్టడానికి, ఫోన్ ఎత్తడానికి, గది ఊడవడానికి పెట్టుకున్న పిల్లతో ఇదయ్యేదేనా అని ఆయన అనుమానం. అనుమానాలు ఆయనవి. చేతులు నావి.

జూలై 11

మిషన్ వెనక పిన్నులు లావు. కంప్యూటర్ వెనక రంధ్రాలు సన్నం. గులాబీ, నీలం, పచ్చ. ఏది దేనికో రాసి లేదు, బొమ్మలున్నాయి, అవీ చీమ తలంత. వైరు కోసి, టంకం పెట్టి, గులాబీలో గుచ్చాను. తబలా చిరిగిన డప్పయింది. బ్రదర్ గొంతు బస్టాండులో అనౌన్స్‌మెంటయింది. గౌలిగూడలోనే నయం, బస్సు ఎక్కడికో తెలుస్తుంది.

"ఐపాయెనా?" అన్నాడు సార్ తలుపు దగ్గర్నుంచే.

కాలేదు.

జూలై 12

గులాబీ రంధ్రం మైకు కోసం. మైకు గొంతు సన్నం, అందుకని ఆ రంధ్రం చెవి విప్పార్చుకుని కూర్చుంటుంది. ఆ చెవిలో మిషన్‌తో కేకేయించాను. నీలం రంధ్రం వేరు, గట్టి శబ్దాన్ని గట్టిగానే తీసుకుంటుంది. నీలంలో గుచ్చగానే పాట పాటలా వచ్చింది.

ఎవరూ చెప్పలేదు. అడిగితే చెప్పేవాళ్లూ లేరు. చెడగొట్టి నేర్చుకున్నది మరిచిపోను.

జూలై 15

పాట వెనక 'గుయ్'. తేనెతుట్టె కదిలించినట్టు, ఆగకుండా. కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెడితే జివ్వుమని లాగుతోంది. కింద కొట్టులో కరెంటు పని చేసే యాదగిరన్నను పిలిస్తే, ఒక్క నిమిషంలో తేల్చేశాడు: "ప్లగ్గుకు మూడో పిన్ను ఇరగ్గొట్టెయ్. గుయ్ పోతది."

గుయ్ పోతుంది. దాంతో పాటు నేనూ పోతాను.

"ఎర్త్ చూపించన్నా" అన్నాను. నల్లా పైపుకు చుట్టిన తీగ చూపించాడు. మా తాతలనాటి బిల్డింగ్, అప్పట్లో ఇనుప పైపు. ఇప్పుడది ప్లాస్టిక్ పైపు. పైపు మార్చారు, తీగ మాత్రం భక్తిగా మళ్లీ దానికే చుట్టారు. ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత ఆయన చేతనే మెట్ల కింద గుంత తవ్వించి, బొగ్గు పోయించి, కొత్త తీగ దించాను. మిషనూ కంప్యూటరూ రెండూ ఒకే బోర్డు మీద. గుయ్ లేదు.

ఇంటికి వెళ్తే అమ్మ నా చేతులు చూసింది. "గిదేందే, ఆడపిల్ల చేతులా, బొగ్గుల దుకాణమా?" రెండూ, అన్నాను.

జూలై 19

ఇంకో తలనొప్పి. మిషన్ మీద ట్రాకులు నాలుగు, ఒక్కోదాంట్లో ఒక్కో వాద్యమో గొంతో. కంప్యూటర్ తీసుకునేది రెండు, ఎడమ కుడి. కాబట్టి మొదట తబలా, హార్మోనియం ఎక్కించాలి. వెనక్కి తిప్పి, ఫ్లూటు, గొంతు ఎక్కించాలి. కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి కలిపాను. పల్లవి బాగానే ఉంది. రెండో చరణానికి వచ్చేసరికి తబలా ముందు పోతోంది, బ్రదర్ వెనక నడుస్తున్నాడు, రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద పరుగెత్తే మనిషిలా.

మిషన్ బెల్టు. వేడెక్కితే సాగుతుంది. మొదటిసారి ఒక వేగం, రెండోసారి ఇంకో వేగం.

ఓపిక లేదు ఈ రోజు. స్పూలు తీసి తన్నాలనిపించింది. తన్నలేదు, తీసి డబ్బాలో పెట్టాను.

జూలై 27

బోనాల డప్పులు పొద్దున్నుంచి. రికార్డింగులు లేవు, సార్ రాలేదు. నాకు పండగ.

కొత్త బెల్టు దొరికింది, కోఠీ వెనక పాత రేడియోల దుకాణంలో. మిషన్ని ముందు గంటసేపు ఊరికే తిప్పాను, బెల్టు ఎంత సాగాలో అంతా సాగనిచ్చాను. అప్పుడు ఎక్కించాను. ఇంకా వెంట్రుకవాసి తేడా. పాటలో చరణానికీ చరణానికీ మధ్య ఖాళీ ఉంటుందిగా, అక్కడ కోసి, జరిపి, అతికించాను. తబలాతో గొంతు అడుగులో అడుగేసింది.

వచ్చింది. ఒక్క పాట పూర్తిగా వచ్చింది. నాకు ఎవరూ చప్పట్లు కొట్టనక్కర్లేదు.

జూలై 28

గొంతు ట్రాకు ఒక్కటే పెట్టి వింటున్నాను, హెడ్‌ఫోన్లలో. గొర్రెల కాపరుల పాట. బ్రదర్ ఇంకా ఎత్తుకోలేదు. తెర మీద గీత చదునుగా ఉండాలి. లేదు. సన్నగా వణుకుతోంది. వాల్యూమ్ పెంచాను.

ఆడగొంతు.

చాలా దూరంగా, గోడకవతల నుంచి పాడుతున్నట్టు. మళ్లీ విన్నాను. ఎస్తేరక్క.

నాంపల్లి దవాఖానలో నర్సు ఎస్తేరక్క. మాకు ట్రాక్ పాడుతుంది. అంటే పాట కట్టగానే ముందు అక్క వచ్చి, ఖాళీ గదిలో పాడి వెళ్లిపోతుంది. తర్వాత బ్రదర్ వచ్చి, అక్క పాడింది హెడ్‌ఫోన్లలో వింటూ, అదే దారిలో తను పాడతాడు. ఆ తర్వాత అక్క గొంతు తుడిచేస్తారు. నాలుగే ట్రాకులు కదా, ఆ జాగాలో ఫ్లూటు రావాలి. నేను చేరకముందు నుంచీ ఇదే పద్ధతి. తప్పని ఎవరూ అనుకోరు. అక్క కూడా అనుకోదు.

తుడిచేసిన గొంతు ఇక్కడెందుకుంది?

జూలై 29

సార్‌ను అడిగాను. చదువుతున్న పేపరు కిందికి దించలేదు. "పాత మిషన్ గదా. చెరిపే హెడ్డు అరిగిపోయింది. మైల మిగుల్తది."

మైల.

జూలై 31

పరీక్ష పెట్టాను. ఖాళీ స్పూలు ఎక్కించి, నా గొంతుతో తిట్లు రికార్డు చేశాను. ఇక్కడ రాయను. తర్వాత అదే మిషన్‌తో చెరిపాను. కంప్యూటర్లోకి ఎక్కించి, వాల్యూమ్ చివరిదాకా పెంచి విన్నాను. సర్రుమనే చప్పుడు తప్ప ఒక్క అక్షరం లేదు. నాలుగు ట్రాకుల మీదా చేశాను. చెరిపే హెడ్డు పెళ్లికూతురిలా ఉంది.

ఇంకోటి. స్పూళ్లన్నీ ఎక్కించి గొంతు ట్రాకులు మాత్రం విన్నాను. అక్క గొంతు అన్నింట్లో ఉంది. కింది స్వరాల దగ్గర ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. పాట పైకెక్కే చోట, బ్రదర్ గొంతు సన్నబడే చోట, సరిగ్గా అక్కడ అక్క లేస్తుంది. ఆయన దిగగానే తగ్గిపోతుంది. మిగిలిపోయిన మైలకు ఎక్కడ అవసరమో తెలుస్తుందా? అది మనిషి చెయ్యి. ఎవరో వాల్యూమ్ బుడిపె పట్టుకుని పెంచారు, తగ్గించారు. రెండు గొంతులూ కలిపి ఒక్క ట్రాకు మీదికి దించి, అప్పుడు అక్క అసలు ట్రాకు తుడిచేశారు.

ఆ రోజుల్లో ఈ గదిలో బుడిపెలు తిప్పింది ఒక్క ప్రభాకర్ సారే.

ఇన్ని క్రిస్మస్‌లు. ఇన్ని చర్చిల్లో. బ్రదర్ జయపాల్ పైస్థాయి ఎంత బాగుంటుందో అని...

ఆగస్టు 2

దవాఖానకు పోయాను. డ్యూటీ దిగి, గేటు దగ్గర సోడా బండి పక్కన నిలబడింది అక్క. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టాను, సీడీ ప్లేయరు నా చేతిలో. ఏడుస్తుందనుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది.

"నాకెరుకే."

"ఎరుకంటే?"

"నేనే చెప్పిన సార్‌కి. తుడుస్తుండె ఒకనాడు బ్రదర్ పోయినంక, నేను పొద్దున పర్సు మర్చిపోయి మళ్ల పైకొచ్చిన. జర ఉంచున్రి సార్ అన్న. ఎంత ఉంచాలె అన్నడు. కూరల ఉప్పంత అన్న."

అక్క సోడా తాగింది.

"క్రిస్మస్ పొద్దున మా చర్చిల గవ్వే పాటలు పెడ్తరు. అందరితోని బెంచి మీద కూసుంట. ఎవరికి తెల్వది. నాకు తెలుస్తది. సాలు."

"నాకు చాలదు" అన్నాను.

"నీ గొంతా?" అంది.

నడిరోడ్డు మీద, అంతమందిలో. నవ్వుతూనే అంది.

ఆగస్టు 3

చాలదు.

ఆగస్టు 6

సార్ కూర్చోబెట్టి మాట్లాడాడు. టీ కూడా పోయించాడు. అప్పుడే అర్థమైంది ఏదో ఉందని.

"క్యాసెట్ల ఐతే ఎవరికి ఇనపడలే. సీడీల అన్నీ ఇనపడ్తయ్. బ్రదర్ శనివారం వస్తడు. అంతలకు ఆ ఆడగొంతు తీసెయ్. నీ కంప్యూటర్ల అన్నీ ఐతయంటివి గదా."

"కాదు సార్."

"ఎందుక్కాదు?"

"రెండు గొంతులు ఒక్క ట్రాకు మీద కలిపారు. పాలలో నీళ్లు పోసి, ఇప్పుడు నీళ్లు మాత్రం తీయమంటే ఎట్లా?"

"నీవు చెయ్యవు. చేతకాక కాదు, నీ బుద్ధి."

నిజం చెప్పాలంటే చేతకాదు. ఎవరికీ చేతకాదు. కానీ చేతనైనా చెయ్యను — అది కూడా చెప్పాను. టీ సగంలో వదిలేసి లేచాడు.

ఇంటికి వెళ్తూ అబిడ్స్ సర్కిల్ దాకా నడిచాను, వానలో. నన్ను తీసేస్తే తీసేస్తారు. ఎర్త్ గుంత తవ్వించిన దాన్ని, బెల్టు తెచ్చిన దాన్ని. తీసేయనీ. స్క్రూడ్రైవర్ నాది.

ఆగస్టు 9

శనివారం. బ్రదర్ జయపాల్ వచ్చారు. మెదక్ నుంచి బస్సులో, చేతిలో గొడుగు, సంకలో బైబిలు సంచి. "వందనాలమ్మా" అన్నారు నాతో, ఎప్పటిలాగే. మనిషి బరువెక్కారు. గొంతు బొంగురు పోయింది. మెట్లెక్కి వచ్చి చాలాసేపు ఆయాసపడ్డారు.

సార్ సీడీ పెట్టబోయాడు. నేను గొంతు ట్రాకు పెట్టాను. సార్ నా వైపు చూశాడు. చూడనీ.

బ్రదర్ కళ్లు మూసుకుని విన్నారు. పైస్వరం దగ్గర వేలు పైకెత్తారు. ఎత్తిన వేలు అలాగే ఉంది.

"ఈ అమ్మ ఎవరు?"

"అప్పట్ల ట్రాక్ పాడిన పిల్ల. మిషన్‌ల మిగిలిపోయింది" అన్నాడు సార్.

"మిగల్లేదు. ఉంచారు" అన్నాను.

స్టేషన్ వైపు రైలు కూత. బ్రదర్ మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ విన్నారు.

"ఈ గొంతు నాకెరుకే. నాకు పాటలు నేర్పింది ఈ గొంతే. ఎక్కడ ఊపిరి తీసుకోవాలెనో కూడా ఈమెను ఇనే... పేరు మాత్రం అడగలే. ఇన్నేండ్లు అడగలే."

"ఎస్తేరు" అన్నాను.

తల ఊపారు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టారు. నాకు గుండె నిండిపోయింది ఒక్క క్షణం. ఇప్పుడంటారు, సీడీ మీద ఆమె పేరు వేయండి అంటారు...

"ప్రభాకర్, ఇయ్యన్ని తీసెయ్. ఇంకొకరి గొంతు మీద నిలబడి దేవుని పాట పాడినట్టు ఐంది. నేను మళ్ల పాడ్త అన్ని. ఎట్లొస్తె గట్ల."

ఆయన నిజాయితీ. నిజాయితీగానే అక్కను మళ్లీ తుడిచేశారు.

నోరు ఆగలేదు. "బ్రదర్, దొంగసొత్తు దొరికితే సొంతదారుకు ఇస్తారు. మూసీలో పారేయరు."

సార్ "వినోదా" అని అరిచాడు. బ్రదర్ చెయ్యెత్తి ఆపారు. నా వంక చూశారు, కోపంగా కాదు. ఏమిటో చెప్పలేను. గొడుగు తీసుకున్నారు. "పద్దెనిమిదిన వస్త. ఆమె వస్తానంటె... రమ్మను. చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో ఆయనకూ తెలియదనుకుంటాను.

ఆగస్టు 10

సార్ మాట్లాడడు. నేనూ మాట్లాడను. ఫోన్ మోగితే ఇద్దరం చూస్తాం. నేనే ఎత్తుతాను.

ఆగస్టు 12

శనివారం జరిగింది చెబితే అక్క తిట్టింది. వార్డు బయట, చేతిలో ట్రే, మాస్కు గడ్డం కిందికి లాగి.

"నిన్నెవ్వరు చెప్పమన్నరే? ఉప్పంత ఉండె నాకు. నేనడిగి ఉంచుకున్న. నీ నిజాలతోని ఇప్పుడు అదికూడ పాయె. ఇంక క్రిస్మస్ పొద్దున నేనేమినాలె?"

అది నేను ఆలోచించలేదని ఇక్కడ రాస్తాను, ఆమెతో చెప్పలేదు.

"బ్రదర్ రమ్మన్నారు" అన్నాను.

"రమ్మంటె? మళ్ల ట్రాక్ పాడి, ఇంటికి పోవుడా?"

"ఆయన పక్కన నిలబడి."

"గిన్నేండ్లు ఆయన ముఖం సక్కగ సూడలే నేను. పక్కన నిలబడాల్నట." ట్రే తీసుకుని లోపలికి పోయింది. తలుపు రెండు పక్కలా ఊగి ఆగింది.

సారీ చెప్పలేదు. చెప్పను. ఉప్పంత కోసం ఒక మనిషి ఎందుకు బతిమాలాలి? ఆమె బతిమాలడం ఆమె ఇష్టం అంటారా... ఔను, ఆమె ఇష్టమే. అయినా నాకు మండుతుంది. రెండూ నిజమే.

ఆగస్టు 14

ఒక ఆలోచన. చెడ్డదో మంచిదో రేపు తెలుస్తుంది.

ఆగస్టు 15

సెలవు. తాళం నా దగ్గరే ఉంటుంది, పోయాను. అబిడ్స్ అంతా షట్టర్లు, కాగితపు జెండాలు.

కంప్యూటర్‌కు మంచి మైకు నేరుగా పెడితే గులాబీ రంధ్రం ఒక్కటే, ఒక్క గొంతే. రెండు మైకులు కలిపి అందులో గుచ్చితే రెండు గొంతులూ మళ్లీ ముద్దయిపోతాయి. కానీ స్పూల్ మిషన్‌కు ముందు వైపు మైకు రంధ్రాలున్నాయి, ఒక్కో ట్రాకుకు ఒక్కొక్కటి. స్పూలు తిరగనక్కర్లేదు. మైకు గొంతును పెంచి వెనక పిన్నుల్లోంచి పంపిస్తుంది, చాలు. బెల్టుతో పని లేదు, సాగేదేమీ లేదు. ఒకటో మైకు ఎడమ పిన్ను, రెండో మైకు కుడి పిన్ను. అక్కణ్నుంచి నా వైరు. నీలం రంధ్రం.

ఎడమ మైకు ముందు నిలబడి "ఎస్తేరు" అన్నాను. కుడి దగ్గరికి పోయి "జయపాల్" అన్నాను. తెర మీద పై గీతలో ఆమె, కింది గీతలో ఆయన. ఆమె గీతలో ఆయన గుసగుసంత పడ్డాడు. పడనీ, ఒక గదిలో నిలబడ్డాక అంత పడుతుంది. కానీ కలవలేదు. ఎవరినైనా తగ్గించాలంటే ఒకరు కూర్చుని, ఆ గీతను పట్టుకుని, చూస్తూ చూస్తూ తగ్గించాలి. మిషన్ మీదికి నెట్టడానికి వీల్లేదు. ఆ కుర్చీలో నేనుంటాను.

ఈ ముసలి మిషన్ని పాత ఇనుముకు వేస్తానన్నాడు సార్, మాటలు మానకముందు. వేయనివ్వను.

ఆగస్టు 16

అక్కకు దవాఖాన ఫోన్‌కి చేశాను. ఎడమ మైకు నీది, చెరపాలంటే నా కళ్ల ముందు చెరపాలి, అన్నాను. అటు వైపు ఎవరో సెలైన్ మార్చమని పిలుస్తున్నారు.

"డ్యూటీ ఉంది" అంది.

"ఎన్నింటి దాకా?"

పెట్టేసింది.

ఆగస్టు 18

స్టూడియోలోనే రాస్తున్నాను, టీ విరామం. బ్రదర్ పొద్దున్నే వచ్చేశారు. ముందు "ఆమె?" అన్నారు. డ్యూటీలో ఉంది అన్నాను. తల ఊపారు. పెదాలు కదిలించారు, ప్రార్థనో, పాట గుర్తు చేసుకోవడమో.

రెండు మైకులు పక్కపక్కన పెట్టాను. అక్క పొట్టి, ఎడమ స్టాండు దించాను. సార్ వచ్చి చూసి, "ఒకటి తీసెయ్, అడ్డం" అన్నాడు. వారం తర్వాత నాతో మొదటి మాట. తీయలేదు. బ్రదర్ అడ్డం తప్పుకుని వెళ్లి కుడి మైకు ముందు నిలబడ్డారు.

మొదటి పాట, పాత తబలా హార్మోనియం హెడ్‌ఫోన్లలో వింటూ. కింది స్వరాలు బాగున్నాయి. పైకెక్కే చోట గొంతు నిలవలేదు, పగిలింది. ఆపలేదు ఆయన. పగిలిన గొంతుతోనే చివరిదాకా పాడారు. తర్వాత కుర్చీలో కూర్చుని రుమాలుతో ముఖం తుడుచుకుని, నీళ్లు అడిగారు. మొదటిసారి ఆయన్ని చూస్తే జాలేసింది. అది కూడా రాసేస్తున్నాను.

సార్ తెర వైపు వేలు పెట్టాడు. పై గీత చదునుగా పోతోంది, బ్రదర్ గొంతు నీడ తప్ప ఏమీ లేదు.

"ఖాళీ ట్రాకు ఎందుకు నడిపిస్తున్నవ్? జాగ దండుగ. బంజెయ్."

"ఖాళీ కాదు సార్."

"మరేంది?"

"ఆమెది."

ఏదో అనబోయాడు. బ్రదర్ నీళ్ల గ్లాసు కింద పెట్టి, "నడవనియ్ ప్రభాకర్" అన్నారు.

టీ అయిపోయింది. రెండో పాట, పైస్వరం పాట. దవాఖానలో డ్యూటీ మారే వేళ అవుతోంది. వస్తుందో రాదో. రెండు గీతల మీదా రికార్డు నొక్కుతున్నాను.